లేబుల్ ఎవరు అంటిస్తారు, ఎవరు జవాబు చెబుతారు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల మాటల్లో లేబుల్ అన్న పదం రోజుకు నాలుగైదు అర్థాల్లో దొర్లుతూ ఉంటుంది. బ్రెడ్డు ప్యాకెట్టు మీద తేదీ వెతికే అత్తగారికి అది అచ్చు కాగితం. మారతహళ్ళి ఆఫీసులో పనిచేసే కోడలికి అది మెయిళ్ళను విడదీసుకునే గుర్తు, లేదా యంత్రానికి పాఠం చెప్పడానికి ఫొటో కింద రాసే పేరు. చిక్‌పేటలో పట్టుచీర బేరమాడేటప్పుడు అది అంచుకు వేలాడే హోలోగ్రామ్ చీటీ, పాటల ప్రస్తావన వస్తే ఆడియో కంపెనీ. బడిలో టీచరు పిల్లవాడి గురించి ఏదో అన్నప్పుడు మాత్రం అదే మాట "మా వాడికి అప్పుడే లేబుల్ వేసెయ్యకండి" అనే అభ్యంతరంగా బయటికి వస్తుంది.

ఇన్ని చోట్ల వాడే మాటకు మూలార్థం చాలా చిన్నది. పాత ఫ్రెంచి నుంచి 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దానికి గుడ్డ పీలిక అనే అర్థం. దస్తావేజుకు మైనపు ముద్ర వేలాడదీయడానికి కట్టే సన్నని పట్టీని అలా పిలిచేవారు. ఐరోపా రాజవంశాల చిహ్నాల్లో తండ్రి బతికి ఉండగా పెద్దకొడుకు డాలును వేరుగా చూపించే అడ్డపట్టీకి ఇప్పటికీ అదే పేరు. ఈ రెండు పాత వాడుకల్లోనే ఆ పదం స్వభావమంతా ఉంది. పట్టీ వస్తువుకు అంటుకుని ఉంటుంది గాని వస్తువులో భాగం కాదు, ఎవరో ఒకరు తెచ్చి కట్టాలి, కట్టినవారి ముద్ర దాని మీద ఉండాలి. అందువల్ల ఏ లేబుల్‌ను చూసినా అది ఏం చెబుతోంది అన్న దానికంటే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి: దాన్ని ఎవరు కట్టారు, తప్పయితే ఎవరు జవాబుదారీ, విప్పే అధికారం ఎవరికి ఉంది. సరుకుల లేబుళ్ళ విషయంలో ఈ ప్రశ్నలకు చట్టం చాలావరకు జవాబులు రాసిపెట్టింది. మనుషుల లేబుళ్ళ విషయంలోనే చిక్కు.

సరుకులతో మొదలుపెడితే, భారతదేశంలో ప్యాకెట్టు ఆహారం మీద కనిపించే అచ్చు ఒకే చట్టం నుంచి వచ్చింది కాదు. పదార్థాలు, పోషకాలు, అలర్జీ హెచ్చరికలు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద ఏర్పడిన ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిధిలోకి వస్తాయి. గరిష్ఠ చిల్లర ధర, నికర బరువు, ఫిర్యాదు చేయవలసిన చిరునామా వంటివి 2009 నాటి తూనికలు కొలతల చట్టం, దాని కింద 2011లో వచ్చిన ప్యాకేజీ సరుకుల నిబంధనల పరిధిలోకి వస్తాయి. ఒకే కాగితం మీద ఇద్దరు యజమానుల మాటలు పక్కపక్కనే ఉంటాయన్నమాట. బరువు తగ్గితే ఒక శాఖకు, లోపల పురుగు కనిపిస్తే మరో శాఖకు వెళ్ళవలసి రావడానికి కారణం ఇదే. ఈ రెండూ కాక, ప్యాకెట్టు ముందు భాగమంతా మూడో యజమాని అధీనంలో ఉంటుంది. అది కంపెనీ ప్రకటనల విభాగం.

ముందు భాగానికీ వెనుక భాగానికీ మధ్య దూరం ఎంతో తెలుసుకోవడానికి బెంగళూరు కిరాణా కొట్లలో విరివిగా దొరికే రాగి బిస్కెట్ల వంటి సరుకు మంచి ఉదాహరణ. ముందు వైపు రాగి కంకులు, మట్టి రంగు, పల్లెటూరి బొమ్మ ఉంటాయి. వెనక్కు తిప్పితే పదార్థాల పట్టిక సన్నని అక్షరాల్లో ఉంటుంది. ఆ పట్టికకు ఒక నియమం ఉంది: తయారీ సమయంలో ఏది ఎక్కువ బరువు వేశారో అది ముందు, తక్కువ వేసింది తరువాత రావాలి. కాబట్టి మొదటి పేరు మైదా అయితే అది ప్రధానంగా మైదా బిస్కెట్టే. దీనికి తోడు, బొమ్మతో గాని మాటతో గాని ఏదైనా పదార్థాన్ని ప్రత్యేకంగా చాటుకుంటే అది ఎంత శాతం ఉందో కూడా పట్టికలో చెప్పి తీరాలి. ముందు వైపు పరచిన రాగి చేను వెనుక వైపు ఒక చిన్న అంకెగా తేలేది అక్కడే.

ఈ అవరోహణ క్రమాన్ని దాటే ఉపాయాలూ లేకపోలేదు. తీపి పదార్థమంతా ఒకే పేరున రాస్తే పట్టికలో మొదటికి వచ్చే ప్రమాదం ఉన్నప్పుడు చక్కెర, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ అని మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి మూడో స్థానానికో ఐదో స్థానానికో జారిపోతుంది. రాసినవన్నీ నిజాలే, చదివినవారికి కలిగే అభిప్రాయమే తప్పు. 'షుగర్ ఫ్రీ' అన్న మాటా ఇటువంటిదే. 100 గ్రాములలో అర గ్రాముకు మించి చక్కెర లేకపోతే ఆ మాట వాడుకోవచ్చు, ఆ పదార్థంలో మైదా, నెయ్యి ఎంత ఉన్నా దానికి సంబంధం లేదు. మధుమేహం ఉన్న పెద్దలు ఆ రెండు మాటలను నమ్మి డబ్బా ఖాళీ చేయడం మన ఇళ్ళలో మామూలే. పోషకాల పట్టికలో రోజువారీ అవసరంలో ఇంత శాతం అని చూపే అంకెలు కూడా 2,000 కిలో కేలరీలు, 67 గ్రాముల కొవ్వు, 50 గ్రాముల అదనపు చక్కెర, 2,000 మిల్లీగ్రాముల సోడియం అనే సగటు మనిషి లెక్క మీద కట్టినవి. ఆ సగటు మనిషి ఆరేళ్ళ పిల్ల కాదు, కిడ్నీ జబ్బున్న తాతగారూ కాదు.

తేదీల విషయంలో గందరగోళం మరీ ఎక్కువ. 'బెస్ట్ బిఫోర్' అంటే ఆ తేదీ వరకు రుచి, కరకర, వాసన తయారీదారు చెప్పినట్టు ఉంటాయని మాత్రమే అర్థం. 'యూజ్ బై' లేదా 'ఎక్స్‌పైరీ' అంటే ఆ తేదీ దాటాక అమ్మకూడదు, తినకూడదు. 2020 నాటి లేబులింగ్ నిబంధనలు రెండోదాన్ని తప్పనిసరి చేసి, మొదటిదాన్ని కావాలంటే అదనంగా వేసుకోవచ్చన్నాయి. శాకాహార, మాంసాహార గుర్తులలోనూ అదే నిబంధన ఒక మంచి మార్పు తెచ్చింది. అంతకుముందు రెండింటికీ చతురస్రంలో గుండ్రని చుక్కే ఉండేది, ఆకుపచ్చ అయితే శాకాహారం, గోధుమ రంగు అయితే మాంసాహారం. ఆ రెండు రంగుల మధ్య తేడా కనిపించని వర్ణాంధులకు ఆ గుర్తు ఉన్నా లేనట్టే. ఇప్పుడు మాంసాహారానికి గోధుమ రంగు త్రిభుజం వచ్చింది, రంగు తెలియకపోయినా ఆకారం తెలుస్తుంది.

లేబుల్ మీద ఒక్క మాటకు ఎంత బరువు ఉంటుందో ఇటీవలి ఓఆర్‌ఎస్ వ్యవహారం చూపించినంతగా మరేదీ చూపించలేదు. విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఇచ్చే ఓఆర్‌ఎస్ ఒక కచ్చితమైన కొలత. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు, అంతా కలిపి 20.5 గ్రాములు. ఇందులో గ్లూకోజు ఉన్నది తీపి కోసం కాదు, పేగుల గోడలు ఉప్పును, దాని వెంట నీటిని లోపలికి పీల్చుకోవడానికి అది తోడుగా ఉండాలి. చక్కెర ఆ మోతాదు మించితే జరిగేది దానికి విరుద్ధం: పేగుల్లోకి నీరు ఇంకా ఎక్కువగా వచ్చి విరేచనాలు ముదురుతాయి. అయినా ఈ కొలతతో సంబంధం లేని, చక్కెర దండిగా ఉన్న పండ్ల రుచి పానీయాలు తమ పేర్లలో ఆ మూడక్షరాలను ఇముడ్చుకుని మందుల షాపుల్లోనే, అసలు పొడి ప్యాకెట్ల పక్కనే అమ్ముడయ్యాయి. తయారీదారులు చట్టాన్ని మీరలేదు కూడా. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం కాదని ప్యాకెట్టు మీద ఒక వాక్యం వేస్తే చాలునని 2022 జులైలో, మళ్ళీ 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఉత్తర్వులు వారికి వెసులుబాటు ఇచ్చాయి.

హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఈ పేర్ల మీద కొన్నేళ్ళ పాటు పోరాడారు. చివరకు 2025 అక్టోబరు 14న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ రెండు ఉత్తర్వులను వెనక్కు తీసుకుని, సూత్రానికి సరిపోని పానీయం ఏదీ ముందూ వెనుకా ఏ మాట తగిలించినా సరే ఓఆర్‌ఎస్ అన్న పేరు పెట్టుకోకూడదని చెప్పింది. ఇక్కడ గమనించవలసింది వెనుక వైపు వాక్యం అబద్ధం కాకపోవడం. 'ఇది అది కాదు' అని నిజాయితీగానే రాశారు. కాని అర్ధరాత్రి వాంతులు చేసుకుంటున్న బిడ్డను ఎత్తుకుని మందుల షాపు ముందు నిలబడ్డ తల్లి చదివేది పెద్దక్షరాలనే. చిన్నక్షరాల నిజంతో పెద్దక్షరాల అబద్ధాన్ని సరిదిద్దవచ్చన్న వాదన చాలా లేబుళ్ళ వెనుక ఉంది, ఆ వాదనను ఈసారి నియంత్రణ సంస్థే తోసిపుచ్చింది. కొనేవారికి ఉపయోగపడే ఒక ఆనవాలు కూడా ఉంది. అట్ట డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు కనిపిస్తే అది చట్టం దృష్టిలో ఆహారం. మందుగా తయారైన ఓఆర్‌ఎస్ పొడి మీద ఔషధ తయారీ లైసెన్సు నంబరు ఉంటుంది.

మందుల లేబుళ్ళకు 1940 నాటి ఔషధాల చట్టం, 1945 నాటి నియమాలు ఆధారం. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల మీద ఎర్ర గీత, మరింత జాగ్రత్త అవసరమైన యాంటీబయాటిక్‌ల వంటి వాటి మీద ఎర్రటి చట్రంలో హెచ్చరిక ఉంటాయి. ఎక్కువగా అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయ్యింది. ఇంత ఏర్పాటూ షాపులో కత్తెర ముందు తేలిపోతుంది. నాలుగు మాత్రలు చాలన్నవారికి పట్టీ కత్తిరించి ఇస్తే, గడువు తేదీ, బ్యాచ్ నంబరు ఉన్న కొస షాపులోనే మిగిలిపోతుంది. ఇంటికి వచ్చేది లేబుల్ లేని మందు.

లేబుల్ కొలత కూడా న్యాయస్థానాల దాకా వెళ్ళిన సందర్భం బెంగళూరులోనే ఉంది. పొగాకు ప్యాకెట్ల మీద బొమ్మతో కూడిన హెచ్చరిక 85 శాతం మేర ఉండాలన్న నియమం 2016 ఏప్రిల్ 1న అమల్లోకి రాగా, 2017 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపివేయడంతో పెద్ద బొమ్మ అలాగే ఉండిపోయింది. 40 శాతమా 85 శాతమా అన్నది పైకి చూస్తే కొలబద్ద తగాదా. లోపల ఉన్న ప్రశ్న, పెట్టె కంపెనీదే అయినా దాని ముఖం ఎవరిది అన్నది.

భాష సంగతి తెలుగువారికి ప్రత్యేకంగా పట్టవలసింది. ఆహారమైనా ఇతర సరుకైనా తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గాని దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చట్టానికి చాలు, మిగతా భాషలు అదనం మాత్రమే. అందువల్ల గుంటూరులో దంచి, గుంటూరులోనే అమ్మే కారం పొడి మీద కూడా అలర్జీ హెచ్చరిక తెలుగులో ఉండవలసిన అవసరం లేదు. కర్ణాటక ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. 2022 నాటి కన్నడ భాషా సమగ్ర అభివృద్ధి చట్టం ఆధారంగా, రాష్ట్రంలో తయారయ్యే సరుకుల పేరు, వాడే పద్ధతి కన్నడలో కూడా ఉండాలని 2025 ఆరంభంలో ఆదేశించింది. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళ లాంటివి గనుక బెంగళూరులో నాలుగేళ్ళు ఉన్న తెలుగు పెద్దలు కన్నడ అక్షరాలను కూడబలుక్కుని చదవగలరు. సొంతూళ్ళో కొన్న ప్యాకెట్టు కంటే పరాయి ఊళ్ళో కొన్నది కాస్త ఎక్కువ అర్థమయ్యే విచిత్రం దీనివల్ల ఏర్పడింది. తెలుగు రాష్ట్రాలు రెండూ ఇటువంటి నియమాన్ని ఆలోచించకపోవడానికి సరైన కారణమేదీ కనిపించదు.

బెంగళూరు ట్రాఫిక్ గురించి విన్న ప్రతివారికీ సిల్క్ బోర్డు కూడలి పేరు తెలుసు. ఆ పేరు అక్కడ ఉన్న కేంద్ర పట్టు బోర్డు కార్యాలయం వల్ల వచ్చింది. ఆ బోర్డు ప్రోత్సాహంతో 2004లో మొదలైన సిల్క్ మార్క్ పట్టుచీరల మీద వేలాడే చీటీ. దాని మీద హోలోగ్రామ్, విడి నంబరు ఉంటాయి. పెళ్ళి బట్టలకు అనంతపురం, చిత్తూరు వైపు నుంచి చిక్‌పేటకు వచ్చేవారు ఈ చీటీని చూసి ఊపిరి పీల్చుకుంటారు. అది చెప్పే మాట మాత్రం ఒక్కటే: ఇందులోని పోగు సహజమైన అసలు పట్టు. దాన్ని మగ్గం మీద నేశారా మరమగ్గం మీద నేశారా, జరీలో వెండి ఉందా రాగి ఉందా, ధర న్యాయమేనా అన్నవాటికి ఆ చీటీ సమాధానం ఇవ్వదు. ఎలా నేశారో చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్. ఎక్కడ నేశారో చెప్పేది భౌగోళిక గుర్తింపు, అందరూ జీఐ ట్యాగ్ అనేది. ఒకే ధర్మవరం చీరకు ఈ మూడూ ఉండవచ్చు, ఒకటి ఉండి రెండు లేకపోవచ్చు. అమ్మేవారు మాత్రం ఏదో ఒక చీటీ చూపించి "గవర్నమెంటు మార్కు ఉందమ్మా" అంటారు, ఆ ఒక్క మాటతో మూడు ప్రశ్నలూ మూసుకుపోతాయి. చీటీని నమ్మనివారు కొంగు చివర నాలుగు పోగులు లాగి కాల్చి చూడటం ఇప్పటికీ ఉంది. పట్టు అయితే జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడుతుంది.

జీఐ విషయంలో ఇంకో తేడా ఉంది. 1999 నాటి చట్టం 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది, దాని రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. బ్రాండు పేరు ఒక కంపెనీ సొత్తు. జీఐ ఒక ప్రాంతంలోని ఉత్పత్తిదారులందరి ఉమ్మడి సొత్తు, దాన్ని అమ్ముకోవడానికి గాని ఇతరులకు రాసివ్వడానికి గాని వీలు లేదు. పోచంపల్లి ఇక్కత్, తిరుపతి లడ్డు, బనగానపల్లె మామిడి, మైసూరు పట్టు, చన్నపట్న బొమ్మలు, బెంగళూరు గులాబీ ఉల్లి అన్నీ ఈ పట్టికలో ఉన్నవే. గుర్తింపు వచ్చిన రోజు పత్రికల్లో పెద్ద వార్త అవుతుంది. తరువాత ప్రతి ఉత్పత్తిదారుడూ విడిగా అధీకృత వినియోగదారుగా నమోదు కావాలని, పదేళ్ళకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలని, నకిలీల మీద ఎవరో ఒకరు కేసు వేయాలని అంతగా ప్రచారం జరగదు. ఆ పనులు చేసే సంఘం లేని చోట జీఐ ఒక ధ్రువపత్రంగా గోడకు మిగిలిపోతుంది.

సంగీతంలో ఈ మాట వస్తువు నుంచి యజమానికి మారింది. గ్రామఫోను రికార్డు మధ్యలో అంటించే గుండ్రని కాగితమే అసలు లేబుల్. పాట పేరు, పాడినవారి పేరు, కంపెనీ గుర్తు దాని మీద ఉండేవి. కాగితం రంగును బట్టి ధర, హోదా మారేవి. క్రమంగా ఆ కాగితం అచ్చువేసే కంపెనీనే లేబుల్ అనడం అలవాటైంది. ఇప్పుడు రికార్డూ లేదు, కాగితమూ లేదు, పాట ఫోనులో వస్తుంది, అయినా హక్కులు ఉన్నవారిని లేబుల్ అనే అంటున్నారు. సూపర్ మార్కెట్ తన పేరుతోనే అమ్ముకునే పప్పులు, ఫినాయిళ్ళ 'ప్రైవేట్ లేబుల్' కూడా ఈ కోవలోదే. తయారు చేసినవారు ఒకరు, పేరు వేసుకునేవారు మరొకరు, కాబట్టి కింద సన్నగా ఉండే 'తయారీ' వరుసను చదవడం మంచిది.

కంప్యూటర్ల లోకంలో లేబుల్‌కు మరో మలుపు వచ్చింది. కాగితాల ఫైలు ఒకే బీరువాలో ఉండగలదు, 2004లో వచ్చిన జీమెయిల్ అరల బదులు లేబుళ్ళు పెట్టి ఒకే ఉత్తరాన్ని ఇంటి అద్దె, ఆదాయపు పన్ను, అమ్మ అనే మూడు పేర్ల కిందా చూపించింది. అది సౌకర్యం. అంతకంటే లోతైన వాడుక యంత్రాలకు నేర్పే డేటా లేబులింగ్. వేల ఫొటోలు చూసి ఇది ఆటో, ఇది బస్సు, ఇది ఆవు అని మనుషులు గీతలు గీసి పేర్లు రాస్తేనే యంత్రం రోడ్డును చదవడం నేర్చుకుంటుంది. రంగంలో పెద్ద మలుపు తెచ్చిన ఇమేజ్‌నెట్ అనే చిత్రాల సంపుటం 2009లో వెలువడింది. అందులోని కోటీ నలభై లక్షల చిత్రాలకు ఇంటర్నెట్ ద్వారా చిల్లర కూలికి పనిచేసినవారు పేర్లు పెట్టారు. 2021లో ఎంఐటీ పరిశోధకులు యంత్రాలను పరీక్షించడానికి వాడే పేరున్న పది డేటా సంపుటాలను తనిఖీ చేసి సగటున 3 శాతానికి పైగా లేబుళ్ళు తప్పని తేల్చారు. ఇంకో చిక్కు జాబితాది. పనిచేసేవారికి ఇచ్చిన పేర్ల పట్టికలో తోపుడు బండి లేకపోతే బెంగళూరు రోడ్డు మీద కనిపించిన తోపుడు బండి కారో సైకిలో అయిపోవాలి. తప్పు పేరు రాసినవారిది కాదు, పట్టిక రాసినవారిది.

ఇమేజ్‌నెట్‌లో బండ్లకే కాదు, మనుషుల ఫొటోలకు కూడా పేర్లు ఉండేవి. ముఖం చూసి దొంగ, పనికిమాలినవాడు వంటి మాటలు అంటించిన వర్గాలు బయటపడ్డాక 2019లో నిర్వాహకులు ఆరు లక్షలకు పైగా మనుషుల చిత్రాలను తొలగించారు. ముఖంలో లేనిదాన్ని ముఖానికి అంటించడం యంత్రాలతో మొదలైనది కాదు. అమెరికా చరిత్రకారుడు ఫ్రాంక్ టానెన్‌బామ్ 1938లోనే, తప్పు చేసిన పిల్లవాడిని వేరు చేసి గుర్తు తగిలించే ప్రక్రియే అతన్ని నేరస్థుడిగా తయారు చేస్తుందని రాశారు. సామాజిక శాస్త్రవేత్త హోవర్డ్ బెకర్ 1960లలో దాన్ని మరింత సూటిగా చెప్పారు: ఒక పని దానంతట అది వక్రమైనది కాదు, ఎవరి మీద ఆ ముద్ర నిలబడిందో వారే వక్రులుగా లెక్కకు వస్తారు. సామాజిక శాస్త్రంలో లేబులింగ్ సిద్ధాంతం అంటే ఇదే.

ఆ సిద్ధాంతానికి తెలుగు నేల మీద అమెరికా వారు ఊహించనంత పెద్ద ఉదాహరణ ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఆ పేరు పడిన తెగలవారు నమోదు కావాలి, వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. ప్రస్తుత బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం ఇటువంటివారి కోసం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ నడిపిన సెటిల్‌మెంటు, ప్రధానంగా ఎరుకల కుటుంబాలది. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది, ఆ తెగలకు విముక్త జాతులు అన్న పేరు వచ్చింది. విడిపించినట్టు చెప్పే ఆ మాటలో కూడా ఒకప్పుడు కట్టేసి ఉంచారన్న సంగతి దాగి ఉండటం గమనించవలసిందే. రద్దయిన చోట అలవాటు నేరస్థుల, అంటే మళ్ళీ మళ్ళీ నేరం చేసేవారి, చట్టాలు వచ్చాయి. ఊరి పేరు చెబితే ఉద్యోగం ఇచ్చేవాడి ముఖం మారడం, ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు ముందు అటు చూడటం ఆ తరువాత తరాలకూ తప్పలేదు. సినిమాలూ ఆ పేరును బాగానే వాడుకున్నాయి.

లేబుల్ అంటించినవారు దాన్ని చింపేసినా జిగురు మిగులుతుందనడానికి జైళ్ళే సాక్ష్యం. స్వాతంత్ర్యం వచ్చి ఏడు దశాబ్దాలు దాటినా అనేక రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో విముక్త జాతులవారిని అలవాటు నేరస్థులుగా అనుమానించే వాక్యాలు, కులాన్ని బట్టి పని పంచే పద్ధతులు ఉండిపోయాయి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు వాటిని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసి, ఖైదీల రిజిస్టర్లలోని కులం గడిని తొలగించమంది. అలవాటు నేరస్థుడు అన్న మాట కూడా చట్టంలో ఉన్న నిర్వచనం మేరకే వాడాలంది, పుట్టిన తెగను బట్టి కాదు.

మనుషులకు వేసే లేబుళ్ళన్నీ ఈ జాతివి కావు, ఇక్కడే జాగ్రత్తగా ఆలోచించాలి. రాయలసీమ నుంచి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు పిల్లలను తీసుకొచ్చే తల్లిదండ్రులలో కొందరు వచ్చేది లేబుల్ కోసమే. చదవడంలో, రాయడంలో, లెక్కల్లో తెలివికి పొంతన లేని ఇబ్బంది పడే పిల్లలకు నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉందని ధ్రువీకరణ వస్తే, బడిలో వారి మీద పడే సోమరి, మొద్దు అన్న మాటలకు ఒక విరుగుడు దొరుకుతుంది. 1995 నాటి చట్టంలో ఏడుగా ఉన్న వైకల్యాలను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21కి పెంచి వాటిలో దీన్ని చేర్చింది. ఆ చట్టం పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు వంటి మార్పులను పేరెత్తి చెప్పింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, బడిలో ఇంగ్లీషు, పుస్తకంలో హిందీ ఉన్న బెంగళూరు తెలుగు పిల్లవాడికి ఆ చివరి మినహాయింపు ఎంత ఊరటో చెప్పనక్కరలేదు.

అదే తల్లిదండ్రులు ఆ కాగితం టీసీతో పాటు వేరే బడికి వెళుతుందేమో, చుట్టాలకు తెలుస్తుందేమో, రేపు సంబంధాలు చూసేటప్పుడు బయటపడుతుందేమో అని భయపడతారు. భయం అర్థం లేనిది కాదు. కాని రెండు రకాల ముద్రల మధ్య తేడా స్పష్టంగానే ఉంది. టీచరు నోటి నుంచి జారే మొద్దు అన్న మాటకు పరీక్ష లేదు, సంతకం లేదు, అప్పీలు లేదు, గడువు లేదు. ధ్రువపత్రానికి పరీక్షించిన వైద్యుల సంతకం ఉంటుంది, దాన్ని ఎవరికి చూపాలో ఎవరికి చూపకూడదో కుటుంబం నిర్ణయించుకోవచ్చు. 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో మంచి పని చేశాయి. ఎనిమిదేళ్ళ వయసులో ఇచ్చిన ధ్రువీకరణను అలాగే కొనసాగనివ్వకుండా, 14 ఏళ్ళకు ఒకసారి, 18 ఏళ్ళకు మరోసారి పిల్లవాడిని తిరిగి పరీక్షించి, 18 ఏళ్ళప్పుడు ఇచ్చినదాన్నే శాశ్వతంగా లెక్కించాలన్నాయి.